పాయింట్ల గడిని చివర చూడండి: బాస్కెట్‌బాల్ బాక్స్ స్కోర్ చదివే పద్ధతి

బాస్కెట్‌బాల్ ఆట ముగిశాక వచ్చే గణాంకాల పట్టికను బాక్స్ స్కోర్ అంటారు. దాన్ని తెరవగానే అందరి చూపూ కుడివైపు చివర ఉండే పాయింట్ల గడి మీదికే పోతుంది. ఎవరు ఎక్కువ చేశారు, ఎవరు తక్కువ చేశారు అని చూసి అంతటితో మూసేస్తారు. నేను చెప్పే పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. కొత్తలో ఆ గడిని బొటనవేలితో మూసిపెట్టి మిగిలిన పట్టిక చదవండి. ఎవరు ఎన్ని పాయింట్లు చేసి ఉంటారో మీరే లెక్క కట్టండి. ఆ తర్వాత వేలు తీసి సరిచూసుకోండి. ఇది అలవాటైతే మీరు చూడని ఆట కూడా ఎలా నడిచిందో, ఏ జట్టు ఎందుకు గెలిచిందో తెలిసిపోతుంది.

నేను తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఒక లాడ్జిలో రాత్రి పూట లెక్కలు చూస్తాను. తెల్లవారుజామున రైళ్లు దిగి వచ్చే యాత్రికులకు గదులిచ్చి, దినసరి పుస్తకం ముగించే వేళకు అమెరికాలో రాత్రి ఆటలు నడుస్తుంటాయి. చలికాలంలో న్యూయార్క్‌లో రాత్రి ఏడున్నర అంటే మనకు ఉదయం ఆరు. లాస్ ఏంజెలిస్‌లో ఏడున్నరకు మొదలయ్యే ఆట మనకు తొమ్మిదికి మొదలవుతుంది. కౌంటర్ దగ్గర కూర్చుని రెండున్నర గంటల ఆట చూడడం కుదిరే పని కాదు. అందుకే నాకు ఆట అంటే చాలావరకు పట్టికే. సాయంత్రాలు మా పేట ఆడపిల్లల జట్టు ఎక్కడ ఆడితే అక్కడ స్కోరర్ బల్ల దగ్గర పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాను. పట్టిక చదవడం ఎంత ముఖ్యమో, సొంతంగా తయారు చేసుకోవడం అంతకన్నా ముఖ్యమని నా నమ్మకం. అందుకే రెండూ రాస్తున్నాను.

ముందు నిమిషాలు

పట్టికలో ఒక్కో క్రీడాకారుడికి ఒక వరుస ఉంటుంది. పేరు పక్కన మొదట కనిపించేది ఆడిన నిమిషాలు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆట 48 నిమిషాలు, పన్నెండేసి నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనలతో జరిగే ఆటల్లో, అంటే ఒలింపిక్స్ మొదలుకొని మన దగ్గర జరిగే పోటీల వరకు, 40 నిమిషాలు. కోర్టులో ఎప్పుడూ ఒక జట్టు తరఫున ఐదుగురు ఉంటారు కాబట్టి ఆ జట్టు నిమిషాలన్నీ కూడితే ఎన్‌బీఏలో 240, ఫిబాలో 200 రావాలి. ఐదు నిమిషాల అదనపు సమయం ఒకసారి ఆడితే మరో 25 కలుస్తాయి. 2019 అక్టోబరు 4న ముంబయిలో ఇండియానా పేసర్స్, శాక్రమెంటో కింగ్స్ జట్ల మధ్య సన్నాహక ఆట జరిగింది. అదనపు సమయం దాకా వెళ్లిన ఆ ఆటలో పేసర్స్ 132-131తో గెలిచింది. అలాంటి ఆటకు ఒక్కో జట్టు మొత్తం 265 నిమిషాలు ఉండాలి.

నిమిషాలు చూడకుండా ఇద్దరిని పోల్చడం అన్యాయం. 2016 డిసెంబరు 5న గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్ పేసర్స్ మీద 60 పాయింట్లు చేశాడు. ఆ అంకె ఒక్కటే చూస్తే అది గొప్ప ఆటల్లో ఒకటి, అంతే. పక్కనే 29 నిమిషాలు అని చూసినప్పుడు అసలు సంగతి అర్థమవుతుంది. మూడు క్వార్టర్లలోనే పని ముగించి, నాలుగో క్వార్టర్ మొత్తం బెంచీ మీద కూర్చున్నాడు.

నిమిషాలు తక్కువగా ఉంటే అదే వరుసలో ఫౌల్స్ కూడా చూడండి. ఎన్‌బీఏలో ఆరు, ఫిబాలో ఐదు ఫౌల్స్ చేస్తే బయటికి వెళ్లాల్సిందే. రెండో క్వార్టర్‌కే మూడు ఫౌల్స్ మీద పడితే కోచ్ ఆ ఆటగాడిని కూర్చోబెడతాడు. పేరు ఉండి ‘ఆడలేదు’ అని రాసిన వరుసలు కూడా వదిలేయవద్దు. వాటి విలువ ఇంకాస్త కిందికి వెళ్తే తెలుస్తుంది.

షాట్ల గడులు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎఫ్‌జీ అంటే ఫీల్డ్ గోల్స్, ఆట నడుస్తుండగా వేసే షాట్లు. ఆ గడిలో 28-46 లాంటి జంట అంకెలు ఉంటాయి. మొదటిది పడిన షాట్లు, రెండోది ప్రయత్నించిన షాట్లు. దాని పక్క గడిలో దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, ఆ పక్కన ఫ్రీ త్రోలు, అంటే ఎదుటివాళ్లు ఫౌల్ చేసినందుకు అడ్డు లేకుండా వేయనిచ్చే ఒక్కో పాయింటు షాట్లు, ఇదే పద్ధతిలో. కొత్తగా చదివేవాళ్లందరూ తడబడే చోటు ఒకటుంది: మూడు పాయింట్ల షాట్లు ఎఫ్‌జీ అంకెలో ముందే కలిసి ఉంటాయి. వాటిని మళ్లీ విడిగా కూడకూడదు. ఫ్రీ త్రోలు మాత్రం ఆ అంకెలో ఉండవు.

2006 జనవరి 22న టొరంటో రాప్టర్స్ మీద లాస్ ఏంజెలిస్ లేకర్స్ ఆటగాడు కోబీ బ్రయంట్ వరుస తీసుకుందాం. ఫీల్డ్ గోల్స్ 28-46, మూడు పాయింట్లవి 7-13, ఫ్రీ త్రోలు 18-20. పడిన షాట్లన్నిటికీ ముందు రెండేసి పాయింట్లు వేయండి: 28 రెళ్లు 56. అందులో ఏడు మూడు పాయింట్లవి కాబట్టి వాటికి ఒక్కో పాయింటు అదనం: 63. ఫ్రీ త్రోలు 18 కలిపితే 81. వేలు తీసి చూడండి, పాయింట్ల గడిలో అదే ఉంటుంది.

మరొకటి. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఫిలడెల్ఫియా వారియర్స్ తరఫున విల్ట్ చేంబర్లేన్ ఆడిన ఆట. ఫీల్డ్ గోల్స్ 36-63, ఫ్రీ త్రోలు 28-32. మూడు పాయింట్ల గడి లేదు, ఎందుకంటే ఎన్‌బీఏలో ఆ గీత వచ్చింది 1979-80 సీజన్‌లో. 36 రెళ్లు 72, దానికి 28 కలిపితే 100. ఈ వరుసలో నన్ను కట్టిపడేసేది వంద కాదు, 28-32. చేంబర్లేన్ తన కెరీర్ మొత్తంలో ఫ్రీ త్రోలు సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే వేయగలిగాడు, 51 శాతం. ఆ ఒక్క రాత్రి 32లో 28 వేశాడు. తన అలవాటు ప్రకారం సగమే వేసి ఉంటే ఆ రాత్రి వంద దరిదాపుల్లోకి కూడా వచ్చేది కాదు. పాయింట్ల గడి మాత్రమే చూసేవాళ్లకు ఇది ఎప్పటికీ కనిపించదు.

ఇక శాతం. 46లో 28 పడితే 61 శాతం అని సులువుగా చెప్పవచ్చు. కానీ మూడు పాయింట్ల షాట్‌నూ రెండు పాయింట్ల షాట్‌నూ ఒకే గాటన కట్టడం సరికాదు. అందుకు ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం అన్న లెక్క ఉంది. పడిన మూడు పాయింట్ల షాట్లలో సగాన్ని పడిన మొత్తం షాట్లకు కలిపి, ప్రయత్నాలతో భాగించాలి. కోబీకి 28కి మూడున్నర కలిపితే ముప్పై ఒకటిన్నర, దాన్ని 46తో భాగిస్తే 68 శాతం పైచిలుకు. క్లే థాంప్సన్ ఆ 60 పాయింట్ల ఆటలో వేసింది 21-33, అందులో మూడు పాయింట్లవి 8-14. 21కి నాలుగు కలిపితే 25, దాన్ని 33తో భాగిస్తే దాదాపు 76. చేంబర్లేన్‌కు 36ను 63తో భాగిస్తే 57.

ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. వంద చేసినవాడికి 57, ఎనభై ఒకటి చేసినవాడికి 68, అరవై చేసినవాడికి 76. వరుస పూర్తిగా తలకిందులైంది. చేంబర్లేన్‌ను తగ్గించడానికి నేను ఈ మాట అనడం లేదు. ఒక్క ఆటలో 63 షాట్లు వేయగల స్థితికి చేరడమే ఒక బలం, ఎదుటి జట్టు అంతా మీద పడుతున్నా 57 శాతం నిలబెట్టడం మరో బలం. అయితే ఎన్ని అవకాశాలు తీసుకున్నాడో తెలియకుండా ఎన్ని పాయింట్లు చేశాడో తెలిసినా లాభం లేదు. మా లాడ్జి పుస్తకంలోనూ అంతే: ముప్పై గదులు నిండాయంటే, మొత్తం ఎన్ని గదుల్లో అని అడగాలి.

ఒక జాగ్రత్త. ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత మధ్యభాగంలో రింగుకు 7.24 మీటర్ల దూరంలో ఉంటుంది, ఫిబాలో 6.75 మీటర్లు. మన కోర్టుల్లో ఆడే పిల్లల మూడు పాయింట్ల శాతాన్ని అక్కడివాళ్లతో పోల్చి మురిసిపోవడమూ వద్దు, నిరాశపడడమూ వద్దు.

ఓడిన జట్టు శాతాలన్నీ మెరుగ్గా ఉన్న ఆట

ఒక్కో ఆటగాడి వరుస చదవడం వచ్చాక అడుగున ఉండే జట్టు మొత్తాల వరుసకు వెళ్లాలి. నన్ను అడిగితే పట్టికలో అన్నిటికన్నా విలువైన వరుస అదే. దాన్ని నేర్చుకోవడానికి 2010 ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో ఆటకు మించిన పాఠం లేదు. జూన్ 17న లాస్ ఏంజెలిస్‌లో జరిగింది, మనకు 18 ఉదయం. సిరీస్ మూడు మూడుతో సమంగా ఉంది. లేకర్స్ 83, బోస్టన్ సెల్టిక్స్ 79. మొత్తాల వరుసలు ఇవి:

లేకర్స్: ఫీల్డ్ గోల్స్ 27-83, మూడు పాయింట్లవి 4-20, ఫ్రీ త్రోలు 25-37.
సెల్టిక్స్: ఫీల్డ్ గోల్స్ 29-71, మూడు పాయింట్లవి 6-16, ఫ్రీ త్రోలు 15-17.

శాతాలు కట్టండి. ఫీల్డ్ గోల్స్‌లో సెల్టిక్స్‌కు దాదాపు 41, లేకర్స్‌కు ముప్పై రెండున్నర. మూడు పాయింట్లలో సెల్టిక్స్‌కు ముప్పై ఏడున్నర, లేకర్స్‌కు 20. ఫ్రీ త్రోలలో సెల్టిక్స్‌కు 88, లేకర్స్‌కు 68 కూడా లేదు. మూడింటిలోనూ సెల్టిక్స్‌దే పైచేయి. మూడో క్వార్టర్‌లో ఒక దశలో వాళ్లు 13 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు కూడా. అయినా ఓడిపోయారు.

ఇప్పుడు ప్రయత్నాలు చూడండి. షాట్లు 83కి 71. లేకర్స్‌కు పన్నెండు ఎక్కువ. ఫ్రీ త్రోలు 37కి 17. ఇరవై ఎక్కువ. ఫీల్డ్ గోల్స్ ద్వారా లేకర్స్‌కు 58 పాయింట్లు, సెల్టిక్స్‌కు 64 వచ్చాయి. అక్కడ సెల్టిక్స్ ఆరు పాయింట్లు ముందుంది. ఫ్రీ త్రోల దగ్గర లేకర్స్ పది పాయింట్లు ముందుంది. పదిలోంచి ఆరు తీస్తే నాలుగు. ఆట తేడా సరిగ్గా ఆ నాలుగే.

ఆ పన్నెండు అదనపు షాట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆఫెన్సివ్ రీబౌండ్ల గడి చూడండి: లేకర్స్ 23, సెల్టిక్స్ 8. తమ షాట్ తప్పితే ఆ బంతిని మళ్లీ తామే అందుకోవడం ఆఫెన్సివ్ రీబౌండ్. లేకర్స్ దారుణంగా గురి తప్పారు. కానీ తప్పిన బంతిని మళ్లీ మళ్లీ లాక్కున్నారు. పావ్ గాసోల్ వరుసలో 18 రీబౌండ్లు ఉన్నాయి, అందులో తొమ్మిది ఆఫెన్సివ్. అంటే సెల్టిక్స్ జట్టు మొత్తం కలిసి తెచ్చుకున్న ఎనిమిది కంటే అతను ఒక్కడే ఎక్కువ తెచ్చాడు.

ఇక ‘ఆడలేదు’ అన్న వరుస దగ్గరికి వద్దాం. రింగు కింద సెల్టిక్స్‌కు గోడలా నిలబడే సెంటర్ కెండ్రిక్ పెర్కిన్స్ ఆరో ఆటలో మోకాలి గాయంతో వెళ్లిపోయాడు, ఏడో ఆటలో దిగనే లేదు. ఎనిమిదికి ఇరవై మూడు ఎందుకైందో చెప్పడానికి అంకెలేవీ లేని ఆ వరుసకు కూడా వాటా ఉంది.

కోబీ బ్రయంట్ ఆ రాత్రి అందరికంటే ఎక్కువ, 23 పాయింట్లు చేశాడు. షాట్లు 6-24, మూడు పాయింట్లవి 0-6. పాయింట్ల గడి చూసినవాడు కోబీ గెలిపించాడంటాడు. షాట్ల గడి చూసినవాడు కోబీ ముంచబోయాడంటాడు. నేను ఇంకా పక్కకు చూడమంటాను: ఫ్రీ త్రోలు 11-15, రీబౌండ్లు 15. షాట్ పడని రోజున రింగు వైపు చొచ్చుకుపోయి ఫౌల్స్ సంపాదించాడు, మామూలుగా రింగుకు దూరంగా ఆడే గార్డ్ స్థానంలో ఉంటూ పదిహేను బంతులు పట్టాడు. షాట్ పడలేదని తల వేలాడేసే ప్రతి పిల్లకూ నేను ఈ వరుస చూపిస్తాను.

అవకాశాలు లెక్కించడం

బంతి ఒక జట్టు చేతికి వచ్చి, మళ్లీ ఎదుటి జట్టుకు పోయేదాకా ఒక పొసెషన్. పొసెషన్ల గడి పట్టికలో సాధారణంగా ఉండదు. మనమే కట్టుకోవాలి: ప్రయత్నించిన షాట్లలోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు తీసేసి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతిని పోగొట్టుకున్న సందర్భాలు) కలిపి, ఫ్రీ త్రోలను 0.44తో గుణించి అదీ కలపాలి. ఒక జట్టు 70 షాట్లు వేసి, 10 ఆఫెన్సివ్ రీబౌండ్లు తెచ్చుకుని, 15 టర్నోవర్లు చేసి, 20 ఫ్రీ త్రోలు తీసుకుందనుకుందాం. 70లో 10 పోతే 60, దానికి 15 కలిపితే 75, దానికి 8.8 కలిపితే దాదాపు 84. ఆ జట్టు 84 పాయింట్లు చేసి ఉంటే పొసెషన్‌కు ఒక పాయింటు చొప్పున వచ్చినట్లు.

0.44 ఎందుకు? రెండు ఫ్రీ త్రోలు కలిసి ఒక పొసెషన్‌ను ముగిస్తాయి కాబట్టి సగం అనిపించవచ్చు. అయితే షాట్ పడి, దానిపై ఫౌల్ కూడా వచ్చినప్పుడు ఇచ్చే ఒక్క ఫ్రీ త్రో కొత్త పొసెషన్ కాదు. మూడు పాయింట్ల షాట్‌పై ఫౌల్‌కు మూడు ఇస్తారు. ప్రవర్తన తప్పినందుకు వేసే టెక్నికల్ ఫౌల్ ఫ్రీ త్రో తర్వాత బంతి చేతులు మారనవసరం లేదు. వీటన్నిటి సగటుగా సగం కంటే కాస్త తగ్గించి 0.44 వాడతారు.

రెండు జట్లకూ పొసెషన్లు దాదాపు సమానంగా రావాలి, బంతి అటూ ఇటూ వంతులవారీగా పోతుంది కదా. తేడా మరీ ఎక్కువ వస్తే పట్టికలో ఏదో పొరపాటు ఉందని అనుమానించవచ్చు. ఈ లెక్కే రెండు ఆటల వేగాన్ని పోల్చడానికీ పనికొస్తుంది. నెమ్మదిగా ఆడే జట్టు 85 పాయింట్లు ఇస్తే దాని డిఫెన్స్ గొప్పదని వెంటనే అనేయకూడదు. నెమ్మది ఎంత దూరం పోగలదో 1950 నవంబరు 22న తెలిసింది. ఫోర్ట్ వేన్ పిస్టన్స్ 19-18తో మినియాపొలిస్ లేకర్స్‌ను ఓడించింది. బంతి పట్టుకుని ఎంతసేపైనా కదలకుండా ఉండే వీలు అప్పట్లో ఉండేది. 1954లో షాట్ వేయడానికి 24 సెకన్ల గడువు పెట్టాకే ఆ రోగం కుదిరింది. 48 నిమిషాలంటే 2,880 సెకన్లు, బాగా సాగిన ఆటలో రెండు జట్లూ కలిపి 120 షాట్లు వేస్తాయి, భాగిస్తే 24. సిరక్యూస్ జట్టు యజమాని డానీ బియాసోన్ వేసిన లెక్క ఇది. ఆటను కాపాడింది ఒక భాగహారం అని తలచుకుంటే లెక్కలు రాసే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

గెలుపు ఓటములకు ఏది ఎంత కారణమో విశ్లేషకుడు డీన్ ఆలివర్ నాలుగు అంశాలుగా విడదీశాడు. షాట్ల నాణ్యతకు 40 శాతం బరువు, టర్నోవర్లకు 25, ఆఫెన్సివ్ రీబౌండ్లకు 20, ఫ్రీ త్రోలకు 15. పట్టిక ముందు పెట్టుకుని ఈ నాలుగింటిలో ఎవరు ఎందులో ముందున్నారో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. 2010 ఏడో ఆటలో అతి బరువైన అంశం ఓడిన జట్టు చేతిలో ఉండి, రీబౌండ్లు, ఫ్రీ త్రోలు కలిసి దాన్ని తిరగబెట్టాయి. అరుదుగా జరుగుతుంది, అందుకే ఆ ఆట అంత విలువైనది.

మిగిలిన గడులు

అసిస్ట్ అంటే నేరుగా బాస్కెట్‌కు దారితీసిన పాస్. అది స్కోరర్ అభిప్రాయం మీద కొంత ఆధారపడుతుంది కాబట్టి ఒకటి రెండు తేడాలను పట్టించుకోకండి. ఒక ఆటలో అత్యధికంగా 30 అసిస్ట్‌ల రికార్డు 1990 డిసెంబరు 30న స్కాట్ స్కైల్స్ నెలకొల్పాడు.

ఎదుటివాళ్ల నుంచి బంతి లాక్కోవడం స్టీల్, వాళ్ల షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం బ్లాక్. వీటిని ఎన్‌బీఏ అధికారికంగా లెక్కించడం మొదలుపెట్టింది 1973-74 సీజన్ నుంచి. ఆఫెన్సివ్, డిఫెన్సివ్ రీబౌండ్లను విడదీసి రాయడమూ అప్పుడే మొదలైంది. ఆటగాళ్ల టర్నోవర్లు 1977-78 నుంచి. బిల్ రస్సెల్, చేంబర్లేన్ ఇద్దరూ 1973 నాటికే ఆట ముగించారు. రింగు దగ్గర కాపలా అంటే ఏమిటో లోకానికి నేర్పిన ఆ ఇద్దరి పేరు మీద అధికారికంగా ఒక్క బ్లాక్ కూడా లేదు. రాయనిది జరగనట్లే మిగిలిపోతుందని స్కోరర్ బల్ల దగ్గర కూర్చున్న ప్రతిసారీ నాకు గుర్తుకొస్తుంది.

పాయింట్లు లేకుండా ఆటను శాసించవచ్చనడానికి 2017 ఫిబ్రవరి 10న మెంఫిస్ మీద డ్రేమండ్ గ్రీన్ ఆట చూడండి. పాయింట్లు నాలుగే. అసిస్ట్‌లు 10, స్టీల్స్ 10, రీబౌండ్లు కూడా పదికి పైనే, బ్లాక్‌లు 5. మూడు గడుల్లో రెండంకెలు చేరడాన్ని ట్రిపుల్ డబుల్ అంటారు. పాయింట్లలో రెండంకెలు చేరకుండా ఎన్‌బీఏలో దాన్ని సాధించిన మొదటి ఆటగాడు అతనే.

ఇక మిగిలింది ప్లస్ మైనస్ గడి. ఆ ఆటగాడు కోర్టులో ఉన్న సమయంలో జట్టు ఎన్ని పాయింట్లు పైకి వెళ్లిందో, కిందికి వచ్చిందో చెబుతుంది. ఒక్క ఆటకు దాన్ని నమ్మకండి. పక్కన ఎవరు ఆడారన్న దాన్నిబట్టి మారిపోతుంది. సీజన్ పొడవునా కూడితే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

సొంతంగా రాయడం

ఇంత చదవడం వచ్చాక మీ ఊళ్లో జరిగే ఆటకు పట్టిక రాయకుండా ఉండలేరు. ఒక్కరే అయితే అన్నీ రాయాలని చూడకండి. షాట్లు, ఫ్రీ త్రోలు, ఆఫెన్సివ్ రీబౌండ్లు, టర్నోవర్లు, ఈ నాలుగు చాలు, డీన్ ఆలివర్ చెప్పిన అంశాలన్నీ వీటిలోంచే వస్తాయి. ఇద్దరుంటే ఒకరు కోర్టు మీద నుంచి చూపు తిప్పకుండా ‘ఏడు, రెండు, పడలేదు, పది, ఆఫెన్సివ్’ అని చెబుతూ ఉండాలి, ఇంకొకరు తలెత్తకుండా రాయాలి. చెప్పేవాళ్లు రాయకూడదు, రాసేవాళ్లు చూడకూడదు. పేర్లు వద్దు, జెర్సీ నంబర్లే వాడండి: ఏడో నంబరు వేసిన రెండు పాయింట్ల షాట్ పడలేదు, పదో నంబరు ఆఫెన్సివ్ రీబౌండ్ పట్టింది అని ఆ మాటలకు అర్థం.

పెన్నుకు బదులు పెన్సిల్ తీసుకెళ్లండి. వేసవిలో మా తిరుపతిలో సాయంత్రం ఐదయినా సిమెంటు కోర్టు కాక చల్లారదు, చేతి చెమటకు పెన్ను సిరా అలుక్కుపోతుంది. కొండ వైపు నుంచి గాలి లేస్తే కాగితాలు నిలవవు కాబట్టి క్లిప్పు ఉన్న అట్ట ఉండాలి. ఒక్కో నంబరుకు ఒక వరుస గీసి, షాట్ వేయగానే 2 లేదా 3 అని రాయండి, పడితే దాని చుట్టూ సున్నా చుట్టండి. ఫ్రీ త్రోకు చిన్న ఖాళీ వృత్తం గీయండి, పడితే లోపల నింపేయండి. క్వార్టర్ మారగానే నిలువు గీత కొట్టండి. ఆఫెన్సివ్ రీబౌండ్‌కు ‘ఆ’, టర్నోవర్‌కు ‘ట’ చాలు. షాట్ వేస్తుండగా ఫౌల్ జరిగి, ఆ షాట్ పడకపోతే దాన్ని ప్రయత్నంగా రాయకూడదు, ఫ్రీ త్రోలు మాత్రమే రాయాలి. ఎక్కువమంది ఇక్కడే తికమకపడతారు, శాతం అన్యాయంగా పడిపోతుంది. రెండు ఫ్రీ త్రోలలో మొదటిది తప్పితే ఎవరికీ రీబౌండ్ రాయవద్దు, బంతి ఇంకా ఆటలోకి రాలేదు.

రెండో కాగితం మీద సగం కోర్టు బొమ్మ గీసుకోండి. షాట్ ఎక్కడి నుంచి వేశారో అక్కడ నంబరు రాసి, పడితే సున్నా చుట్టండి. నేను దీన్ని అన్నిటికంటే ఇష్టంగా గీస్తాను.

మా పేట జట్టులో ఒక అమ్మాయి ఆట అయ్యాక స్కోర్‌షీటు మీదికి వంగి, తన నంబరు వెతుక్కుని, నీరసంగా అంది: “నాలుగు పాయింట్లే అంకుల్.”

“పాయింట్లు తర్వాత చూద్దాం తల్లీ. నీ వరుసలో ‘ఆ’లు ఎన్నున్నాయో లెక్కపెట్టు.”

వేలు పెట్టి లెక్కపెట్టింది. ఏడు.

“ఆ ఏడుసార్లూ బంతి వాళ్ల చేతికి పోవలసింది. నువ్వు పట్టాక మనవాళ్లు ఎన్నిసార్లు బాస్కెట్ వేశారో గుర్తు చేసుకో.”

తన స్నేహితురాళ్లతో కలిసి గుర్తు చేసుకుంది. నాలుగుసార్లు వెంటనే బాస్కెట్ పడింది. ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుంటానని అడిగింది.

ఆట ముగిశాక స్కోర్‌షీటు మీద సంతకాలు కాకముందే మీ కాగితాన్ని సరిచూసుకోండి. పడిన షాట్లను రెట్టింపు చేసి, మూడు పాయింట్లవి ఒక్కొక్కటి కలిపి, పడిన ఫ్రీ త్రోలు కలిపితే అధికారిక స్కోరు రావాలి. రాకపోతే ఏ క్వార్టర్‌లో తేడా వచ్చిందో నిలువు గీతలను బట్టి పట్టుకోవచ్చు. అన్నీ కుదిరాక రెండు జట్ల కోచ్‌లకూ చెరొక ఫొటో పంపండి, షాట్ల బొమ్మ కూడా జతచేయండి. మర్నాడు సాధనలో ఎవరితో ఏ మూల నుంచి షాట్లు వేయించాలో వాళ్లు దాన్ని చూసే నిర్ణయించుకుంటారు.